మన పెరడు: తుమ్మిపూవుకు చోటుందా?

కోల్‌కతా నగరానికి వానల కొదువ లేదు. ఏటా 1,600 మిల్లీమీటర్ల పైచిలుకు వర్షం కురుస్తుంది. అయితే అందులో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. నవంబరు మొదలు కాలవైశాఖి జల్లులు పలకరించేవరకు నేల ఎండుతూనే ఉంటుంది. ఆ నెలల్లోనే మనం డేలియాలు, చామంతులు పెంచి, వాటికి బకెట్ల కొద్దీ నీరు పోస్తుంటాము. వాటి అందాన్ని కాదనలేము. కాని రేకలు ముద్దగా కిక్కిరిసిన పూలలో తుమ్మెదకు, తేనెటీగకు దొరికేది బహు స్వల్పం.

ఉత్తర అమెరికాలోని పచ్చిక మైదానాల ప్రాంతంలో అనేకులు నేడు అక్కడి అడవిపూలనే ఇంటిముందు పెంచుతున్నారు. వాటి వేళ్ళు లోతుకు దిగి అనావృష్టిని తట్టుకుంటాయి, కీటకాలకు ఆహారమిస్తాయి. ఆ విత్తనాలను మనం తెప్పించుకోవలసిన పని లేదు. అటువంటి గుణం గల మొక్కలు మన గోడ పక్కనే ఉన్నాయి. కలుపు అని పీకివేస్తున్నాము, అంతే.

తుమ్మిని చూడండి. వానలకు మొలిచి, తెల్లని చిన్న పూలతో సీతాకోకచిలుకలను రప్పిస్తుంది. ముళ్ళగోరింట శీతకాలంలో పసుపుపచ్చగా పూస్తుంది. వంగవాసులు ఆకంద అని పిలిచే మన జిల్లేడు మండువేసవిలోనూ వాడదు. అక్కడా ఇక్కడా దాని పూలు శివునికి ప్రీతికరమే. దాని ఆకులను తిని పెరిగే ఒక జాతి సీతాకోకచిలుక గొంగళి, ఆ పాలలోని విషాన్నే తనకు రక్షణగా మార్చుకుంటుంది. జిల్లేడు పాలు కంటికి హానికరం గనుక పసిపిల్లలకు అందని చోట పెంచాలి.

బతుకమ్మలో పేర్చే తంగేడు పూవులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. నల్ల తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని కంపించినప్పుడు కేసరాల కొనల్లోని రంధ్రాల నుండి ఆ పుప్పొడి రాలుతుంది. వంగ, టమాటా పూలదీ ఇదే పద్ధతి. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. కనుక డాబాపై వంకాయలు బాగా కాయాలని కోరుకునే గృహిణులు ముందు తుమ్మెదకు ఏడాది పొడవునా మేత చూపించాలి. ఎండిన వెదురు ముక్కను ఒక మూల ఉంచితే అది అందులోనే గూడు కట్టుకుంటుంది. తంగేడు మెట్టనేలల మొక్క. ఇక్కడి వానలకు వేరు కుళ్ళకుండా, ఇసుక కలిపిన మట్టితో, అడుగున రంధ్రమున్న పెద్ద కుండీలో నాటడం మేలు.

ఈ మొక్కలతో మనకు మరొక బంధం కూడా ఉన్నది. 1787లో శిబ్‌పూర్‌లో వెలసిన వృక్షోద్యానం నేడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరుతో విలసిల్లుతున్నది. 1793లో దాని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్, అంతకుమునుపు మన సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారులచేత కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించారు. ఆయన మరణానంతరం వెలువడిన ‘ఫ్లోరా ఇండికా’లో అనేక మొక్కలకు తెలుగు పేర్లు కూడా నమోదై ఉన్నాయి. రెండు శతాబ్దాల క్రితం గోదావరి సీమ నుండి హుగ్లీ తీరానికి వచ్చి గ్రంథస్థమైన ఆ పేర్లు, ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన మన ఇళ్ళలోని పిల్లలకు నేడు తెలియకుండా పోతున్నాయి. మొక్క కంటికి కనబడకపోతే పేరు నోట నిలవదు.

కనుక సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. క్వార్టరు వెనుక రెండు గజాల నేలను, లేదా డాబాపై నాలుగు కుండీలను ఈ మొక్కలకు కేటాయించండి. తొలకరికి ముందే తుమ్మి గింజలు చల్లండి. నాటిన తొలి నెలలలో నీరు పోసి, పిదప తగ్గించండి. పురుగుమందు చల్లవద్దు. ప్రతి కుండీపై తెలుగు పేరును, వంగ పేరును పిల్లలచేతనే వ్రాయించండి. ఏ పూవుపై ఏ కీటకం వాలిందో వారినే గమనించమనండి.

వచ్చే సంచికలో వేసవికి కుండీ మట్టిని సిద్ధపరచే విధానాన్ని ముచ్చటించుకుందాము.