‘ముస్లిం అయినా’ అనకండి

అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి మద్రాసు పోయే మనవాళ్లు తక్కువేం కాదు. ఆస్పత్రి పని మీదో, నాగూరు జియారత్‌కి పోతూనో అక్కడ రెండు రోజులు ఆగుతారు. పిల్లలకి మెరీనా చూపిస్తారు. మ్యూజిక్ అకాడమీ హాలు మాత్రం చూపించరు. అడిగితే, ‘అది మనది కాదు భాయ్!’

ఎందుకు కాదు? 1928లో మొదలైన ఆ అకాడమీ, 1998లో సంగీత కళానిధి బిరుదు ఎవరికిచ్చింది? ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్‌కి. తరతరాలుగా నాదస్వరం ఊదిన ఖాందాన్. తమిళ ఉస్తాదుల దగ్గర తంజావూరు బాణీ నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డ ఫన్‌కార్. కర్ణాటక సంగీతంలో దాన్ని మించిన ఇజ్జత్ ఇంకోటి లేదంటారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? అఫ్సోస్!

‘మౌసీఖీ హరామ్’ అంటారు కొందరు. ఆ మస్‌అలా మీద ఉలమాల్లోనే వందల ఏళ్ల ఇఖ్తిలాఫ్ ఉంది, నేను ఫత్వా ఇవ్వను. వినకపోతే మానండి. కానీ పేరే చెరిపేస్తారా? పొన్నెకల్లు నుంచి వచ్చి బుర్రకథతో ఆంధ్రదేశాన్ని ఊపిన షేక్ నాజర్ సాహెబ్‌ని, 1986లో పద్మశ్రీ అందుకున్నాయన్ని, కూడా ఇలాగే మరిచిపోతున్నాం.

ఇక సభల్లో మైకు పట్టుకుని ‘ముస్లిం అయినా త్యాగరాజ కీర్తన ఎంత బాగా వాయించారో!’ అనే పెద్దమనుషులారా, ఆ ‘అయినా’ ఏంటి జనాబ్? ఏళ్ల తరబడి చేసిన రియాజ్ కనబడలేదా, టోపీ ఒక్కటే కనబడిందా?

ఈసారి మద్రాసు వెళ్తే ఆ హాలు ముందు పిల్లల్ని కాసేపు నిలబెట్టండి. కరవది ఎక్కడుందో మ్యాపులో వాళ్లనే వెతకమనండి.