పాట అణగినప్పుడు

సిల్తారాలో రాత్రికి నిశ్శబ్దమంటే ఏమిటో తెలియదు. రాయపూర్ నుండి బిలాస్‌పూర్ పోయే దారిలోని ఈ పారిశ్రామిక వాడలో స్పాంజి ఐరన్ బట్టీలు, రోలింగ్ మిల్లులు అహోరాత్రాలు పనిచేస్తూనే ఉంటాయి. అటువంటి మిల్లులో మా తమ్ముడు పన్నెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి చలికాలంలో వాడి ఇంట వారం రోజులున్నాను. రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చి, డాబా మీద నులకమంచం వాల్చి, హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చునేవాడు.

"అంత శ్రద్ధగా ఏమి వింటున్నావురా?"

"పోస్ట్-రాక్, అక్కయ్యా. ఇందులో మాటలుండవు. నీకు పనిలేదు!"

అనువాదాలతో పొట్టపోసుకునే నాకు ఆ మాట కొంచెం చురుక్కుమన్నది. ఈ సంగీతానికి ఆ పేరును 1994లో వాడుకలోకి తెచ్చినవాడు సైమన్ రెనాల్డ్స్ అనే ఆంగ్ల విమర్శకుడు. గిటార్లు, డ్రమ్ములు రాక్ సంగీతానివే. పల్లవి, చరణాల కట్టుబాటు మాత్రం ఉండదు. నెమ్మదిగా మబ్బుపట్టినట్లు పెరిగి, ఒక్కసారి కుండపోత. గ్లాస్గోకు చెందిన మొగ్వాయ్ బృందం 1997లో వెలువరించిన 'యంగ్ టీమ్' ఆల్బమ్‌లోని చివరి రచన పదహారు నిమిషాలు సాగుతుంది. ఇదంతా మనకు బొత్తిగా పరాయిదేమీ కాదు. ద్రాక్షారామంలో జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి వాద్యబృందానికి కూర్చిన 'ఆదర్శ శిఖరారోహణం'లో శిఖరమెక్కే ప్రయాసను వాద్యాలే చెబుతాయి.

ఒక రాత్రి ఇద్దరం చిన్న స్పీకరు పెట్టుకొని విన్నాము. నడుమ హోరంతా అణగి, కంచు తాళాల సన్నని గలగల ఒక్కటే మిగిలింది. "ఎంత బాగుందిరా!" అన్నాను.

"ఏది? ఇక్కడ ఖాళీయే కదా," అంటూ వాడు వాల్యూం పెంచాడు. మరుక్షణమే గిటార్లన్నీ విరుచుకుపడ్డాయి.

అప్పుడు తెలిసింది, వాడి అలవాటు ఎంత ప్రమాదకరమో. యంత్రాల రొద మొదట హరించేది సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాలనే. లోపలి చెవిలోని రోమకణాలు నశిస్తే మనుషులలో తిరిగి మొలవవు. వారానికి 40 గంటలకు 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన కర్మాగారాల నియమాలు మాత్రం రోజుకు 8 గంటలు 90 వరకు అనుమతిస్తాయి. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా నిరపాయంగా వినగల కాలం సగానికి తగ్గుతుంది. ఇక వీడు, మిల్లులో ఎనిమిది గంటలు చాలక, ఇంటికి వచ్చి మౌనం ఉన్నచోట శబ్దం పెంచి, ఆ తరువాతి పిడుగును పూర్తిగా చెవిలో పోయించుకుంటున్నాడు!

పోరు పెట్టి రాయపూర్‌లో చెవుల పరీక్ష చేయించాను. అనుమానం నిజమే. ఇప్పుడు పనిలో చెవులకు బిరడాలు పెట్టుకుంటున్నాడు. సంగీతం మానలేదు, మానమని నేనూ అనలేదు. వాల్యూం మాత్రం మొదట పెట్టినచోటనే ఉంచుతాడు.

నేను బయలుదేరే ముందురోజు రాత్రి మళ్ళీ అదే రచన పెట్టాడు. హోరు అణగినచోట నా వైపు తిరిగి, "ఇప్పుడేముంది, అక్కయ్యా?" అన్నాడు.

చెప్పడానికి మాట దొరకలేదు. మంచం పట్టె మీద వేలి గోళ్ళతో మెల్లగా వాయించి చూపాను.