పల్లంలో పేట, మంచంలో మనిషి

నాట్ల రోజుల్లో డెల్టాలోని ఏ కూలీపేటకైనా వెళ్లి చూడండి. ఊళ్లో గట్టి వాన కురిస్తే ఆ నీరంతా చేరేది అక్కడికే. పెద్ద వీధుల్లో సిమెంటు కాలువలు కట్టారు, తెచ్చి పేట మొగదల వదిలేశారు. ఈ పల్లం దేవుడు చేసింది కాదు. మెరక నేల ఆసాములది, కాలువగట్టు పోరంబోకూ చెరువు దిగువా కూలివాళ్లవి. ఇళ్ల స్థలాలు పంచినప్పుడు కూడా చాలాచోట్ల ఎవరికీ పనికిరాని చెక్కనే వెతికి పంచారు.

కుళాయి గుంట సంగతి తీసుకోండి. పైపు చివరనున్న పేటకు నీళ్లు ఎక్కిరావు. అందుకని పైపు కోసి, మోకాలి లోతు గుంట తవ్వి, అందులో బిందె దించి పట్టుకుంటారు. వాన పడితే ఆ గుంట మురుగుతో నిండుతుంది. ట్యాంకు కట్టేశాక పైపులో వత్తిడి పడిపోయి, ఆ మురుగును పైపే లోపలికి లాక్కుంటుంది. మర్నాడు నీళ్లు వదిలితే ముందు బిందెలోకొచ్చేది అదే. మురుగుకాలువలోంచి వేసిన పైపుకు చిల్లు పడ్డా ఇదే తంతు. ట్యాంకు దగ్గర నీళ్లు పరీక్ష చేసి బాగున్నాయని రాసుకుపోతారు. పేట చివర బిందెలో నీళ్లు ఎవరు పరీక్ష చేశారు?

అంతా అయ్యాక వచ్చి చెప్తారు: చేతులు కడుక్కోండి, నీళ్లు కాచి తాగండి. మంచి మాటే. ఒకచోట ఒక పెద్దమ్మ అడిగింది, "కాచుకుంటాం బాబూ, పొద్దున్నే నాలుగింటికి నాటుకి పోయేదాన్ని, కట్టెలూ పొద్దూ నువ్విస్తావా?" అని. వచ్చినాయన దగ్గర జవాబు లేదు.

మురుగులో పెరిగే దోమ బోదకాలు మోస్తుంది. మన అమ్మమ్మల కాళ్లు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మలం కలిసిన తడినేల మీద వట్టి కాళ్లతో తిరిగితే కొంకిపురుగు అరికాలి చర్మంలోంచి ఎక్కి పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. ఆ రక్తం లేని మనిషినే "ఈమె నాటు సాగదు" అని మేస్త్రి ముఠాలోంచి తీసేస్తాడు.

అసలు దెబ్బ ఇక్కడుంది. నాట్లు ఉండేది కొద్ది రోజులు. ఆ రోజుల్లోనే పిల్లాడికి విరోచనాలు పట్టుకుంటే తల్లి కూలి పోతుంది. ఆర్ఎంపీ దగ్గర సెలైనుకు అప్పు కావాలి. అప్పిచ్చేది ఆ మేస్త్రో, ఆ ఆసామో. రేపు కూలిరేటు పెంచమని అడగాల్సి వస్తే బాకీ ఉన్న మనిషి నోరెత్తుతుందా? సంఘం మీటింగుకి ఫలానా వాళ్లు రావట్లేదని విసుక్కునే కార్యకర్తలు ఒకసారి ఆ ఇంటి గుమ్మం ముందు మురుగు చూసి రావాలి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆస్పత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యానికి పేదలకు పనికొచ్చింది, కాదనం. కానీ ఏటా వానాకాలం ఆర్ఎంపీకి కట్టే డబ్బు ఆ కార్డులో రాదు, పోయిన కూలీ రాదు. కాలువ తవ్వడానికి కార్డు లేదు.

నీళ్ల మాట ఎత్తితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1985 జూలైలో, నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగపల్లె తాగే చెరువును గేదెల కుడితితో పాడుచెయ్యొద్దన్నారు. మర్నాడు, 17న, దాడి చేసి ఆరుగురు దళితులను చంపారు. ఆ చెరువు వాళ్లకు వంటనీళ్లు, తాగునీళ్లు.

తాగునీరు, పారిశుద్ధ్యం 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల పనుల పట్టికలో చేరాయి. కాబట్టి గ్రామసభలో పని పేరు పెట్టి అడగండి: పేట మురుగు ఊరవతల డ్రెయిన్‌లో కలిసేదాకా కాలువ, మురుగులోంచి పైపు తీసి మెరకన వేయడం, గుంటలు పూడ్చి నడుమెత్తు కుళాయిలు, వాటికి నీళ్లెక్కేలా విడిగా లైను. ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీలు పారేయకండి. ఈ వానాకాలానివన్నీ ఇంటింటా పోగుచేసి, ఎన్ని రోజుల కూలి పోయిందో వెనకాల రాసి, సర్పంచి బల్ల మీద పెట్టండి.