పెన్షను భిక్ష కాదు, పెన్షనరు దొంగ కాడు



ఏటా నవంబరు నెల వచ్చిందంటే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో పదవీ విరమణ చేసినవారి ఇళ్లన్నింటా ఒకే బెంగ మొదలవుతుంది. మథురాకాటి అయినా, నీమ్‌పురా అయినా, గోల్‌బజార్ పరిసరాలైనా ప్రశ్న ఒక్కటే: తాము జీవించి ఉన్నామని ఈ ఏడు యంత్రం ఒప్పుకుంటుందా, లేదా? ముప్పయి అయిదేళ్లు వర్క్‌షాపులో ఇనుముతో పోరాడిన మనిషి, ఒక చిన్న పెట్టె మీద బొటనవేలు ఆనించి, అది పచ్చదీపం చూపే వరకు ఊపిరి బిగబట్టి నిలుచోవలసిన స్థితి వచ్చింది. దీనిని పరిపాలనా సంస్కరణ అంటున్నారు. దీని మంచిచెడ్డలను కార్మిక దృష్టితో పరిశీలించటం మన కర్తవ్యం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తున్నాము. ప్రభుత్వ ధనం దుర్వినియోగం కారాదన్న వాదనతో మాకు పేచీ లేదు. చనిపోయినవారి పేరిట పెన్షను కాజేసేవారు, దొంగ కార్డులు సృష్టించే దళారులు, వారికి కొమ్ముకాసే అధికారులు దోచుకుంటున్నది శ్రామికుల సొమ్మునే. వారిని పట్టుకోవలసిందే, శిక్షించవలసిందే. మా ప్రశ్న వేరు. దొంగను పట్టుకునే పేరుతో చేసే చట్టాలలో, నియమాలలో, నిర్దోషికి రక్షణ ఎక్కడ ఉన్నది? లక్షమందిని అనుమానించి పదిమంది దొంగలను వెదికే పద్ధతిలో, పొరపాటున నలిగిపోయే వెయ్యిమందికి జవాబుదారీ ఎవరు?

యంత్రానికి తెలియని శ్రమ

2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘జీవన్ ప్రమాణ్’ పథకాన్ని ప్రారంభించింది. వేలిముద్ర ద్వారా గాని, కంటిపాప ద్వారా గాని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఇది. 2021 నుండి ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చునన్నారు. 2020 నుండి తపాలా చెల్లింపుల బ్యాంకు తరఫున పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి, 70 రూపాయల రుసుముతో ఈ పని పూర్తిచేసే సదుపాయం కల్పించారు. ఇందులో మేలు లేదనటం లేదు. ఖరగ్‌పూర్‌లో రిటైరై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని స్వగ్రామాలకు చేరుకున్నవారికి, మంచాన పడిన వృద్ధులకు ఇది ఉపకారమే. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఆ సేవ చేస్తున్న తపాలా సోదరులకు మా అభినందనలు.

సదుపాయంగా ఉన్నంతవరకు అది మంచిదే. అదే తప్పనిసరి గేటుగా మారినప్పుడు చిక్కు మొదలవుతుంది. మోల్డరు, ఫిట్టరు, గ్యాంగ్‌మన్, ఖలాసీ: వీరి వేళ్ల గీతలను సర్వీసే అరగదీసింది. శుక్లాలు ముదిరిన కంటిని యంత్రం పోల్చుకోలేదు. ఇక పేర్ల సంగతి! మన తెలుగువారి ఇంటిపేరు సర్వీసు రికార్డులో ఒక్క అక్షరంగా ముందుంటుంది. బెంగాల్‌లో నమోదైన ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, ఒక్కొక్కసారి చివరికి వెళుతుంది. అప్పారావు ఒకచోట ఒక్క మాటగా, మరొకచోట రెండు మాటలుగా ఉంటాడు. బ్యాంకు పుస్తకంలో మూడవ రూపం కనిపిస్తుంది. ఇది మోసమా? కాదు. రాసుకున్న గుమాస్తాల చేతివాటం, భాషల తేడా మాత్రమే. కాని కంప్యూటరుకు అక్షరదోషానికీ దొంగతనానికీ తేడా తెలియదు. రెండింటికీ అది ఒకే శిక్ష విధిస్తుంది: చెల్లింపు నిలుపుదల.

ఇది ఊహ కాదు. 2022 ఏప్రిల్ నెల పెన్షను దేశంలో సుమారు 58 వేలమంది మాజీ సైనికోద్యోగుల ఖాతాలలో పడలేదు. కొత్త కంప్యూటరు వ్యవస్థలో వారి వార్షిక గుర్తింపు నమోదు కాకపోవటమే కారణం. గగ్గోలు పుట్టిన తరువాత రక్షణశాఖ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చి మే మొదటి వారంలో చెల్లించింది. దేశానికి సేవచేసినవారు గొంతెత్తగలిగారు కనుక కొద్ది రోజులలో పరిష్కారమయింది. గొంతెత్తలేని గ్యాంగ్‌మన్ భార్య, కుటుంబ పెన్షనుపై బతికే వృద్ధురాలు, ఎవరి తలుపు తట్టాలి?

హక్కును దానంగా మార్చే ప్రయత్నం

పెన్షను యజమాని దయాదాక్షిణ్యం కాదని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్ని మరింత బలపరిచింది. ఆ తేదీని మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించిన మెజారిటీ తీర్పు సైతం ఒక మాట విస్పష్టంగా చెప్పింది: ప్రభుత్వోద్యోగి ఆర్జించుకున్న పెన్షను వంటి ప్రయోజనం ఆ చట్టం 7వ సెక్షను కిందకు రాదు, అది ఆ వ్యక్తి హక్కు. ఆ తరువాత 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వమే, జీవన్ ప్రమాణ్‌కు ఆధార్ స్వచ్ఛందమని, ఇతర మార్గాలు కూడా కల్పించవలసిందేనని నోటిఫికేషను ఇచ్చింది.

మరి కౌంటరు దగ్గర కాగితంపై లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వబోయే పెన్షనరుకు “ఇప్పుడంతా మెషీనే” అన్న జవాబు వస్తే అది ఏ చట్టం ప్రకారం? కాగితంలో ఉన్న హక్కు కౌంటరు దగ్గరకు రాకపోతే, ఆ హక్కు ఉన్నట్టా, లేనట్టా?

మరొక పద్నాలుగు–రెండు

రైల్వే కార్మికులకు క్రమశిక్షణ, అప్పీలు నియమాలలోని 14వ నియమం, రెండవ క్లాజును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. విచారణ సాధ్యం కాదని అధికారి ఒక్క మాట రాసుకుంటే చాలు, చార్జిషీటు లేదు, సాక్షి లేడు, ఉద్యోగం పోతుంది. 1980–81 లోకో రన్నింగ్ సిబ్బంది ఆందోళనలో ఆ కత్తి ఎంతమంది మెడపై పడిందో మనకు తెలుసు. 1985లో తులసీరాం పటేల్ తీర్పు ఆ అధికారాన్ని సమర్థించినప్పటికీ, విచారణ ఎందుకు సాధ్యం కాదో అధికారి కారణం రాయవలసిందేనన్నది.

ఈనాటి కంప్యూటరు నిలుపుదల పెన్షనరుపై ప్రయోగించే మరొక పద్నాలుగు–రెండు. ఒక తేడా మాత్రం ఉన్నది. అక్కడ కనీసం సంతకం చేసిన అధికారి ఒకడున్నాడు, రాసిన కారణం ఒకటున్నది. ఇక్కడ సంతకం లేదు, కారణం లేదు, అప్పీలు చేద్దామంటే ఉత్తర్వే లేదు. తెరమీద ఎర్రని గుర్తు ఒక్కటే తీర్పు.

అనుభవం నేర్పిన పాఠాలు

తెలంగాణలో రాష్ట్రావతరణ తరువాత సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దయ్యాయి. వివిధ శాఖల సమాచారాన్ని కంప్యూటరులో పోల్చి అనర్హులని తేల్చిన తీరు న్యాయస్థానం వరకు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా ఆదేశించింది. అంటే, కార్డు తీసివేయటానికి ముందు జరగవలసిన పని ఏళ్ల తరువాత కోర్టు చెప్పగా జరిగింది. మధ్యలో బియ్యం అందని ఇళ్ల ఆకలికి బకాయి ఎవరు చెల్లిస్తారు?

మన పశ్చిమ బెంగాల్‌లోనే 2024 ఫిబ్రవరిలో కొందరికి ఆధార్ నిలిపివేసినట్లు ఉత్తరాలు వచ్చాయి. ఆందోళన చెలరేగిన తరువాత ఆధార్ సంస్థ ఏ నంబరూ రద్దు కాలేదన్నది. ఉత్తరం ఇచ్చింది పోస్ట్‌మన్, జనం నిలదీసింది కూడా పోస్ట్‌మన్‌నే. నిర్ణయం చేసినవాడు మాత్రం కంటికి కనబడలేదు.

ధనిక దేశాలు దీనికి అతీతం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్రవేసి అప్పులపాలు చేశారు. ఆ అన్యాయం బయటపడి 2021 జనవరి 15న ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ఏడాది ఆదాయాన్ని పక్షాలకు సమానంగా పంచి లెక్కగట్టి, నాలుగు లక్షలకు పైగా ప్రజలపై లేని బాకీలు మోపారు. 2023లో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని తీవ్రంగా దుయ్యబట్టింది.

తపాలా సోదరులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది బ్రిటన్ ఉదంతం. అక్కడ ‘హొరైజన్’ అనే కంప్యూటరు పద్ధతి లెక్కలు తప్పు చూపగా, 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులుగా నిర్ణయింపబడ్డారు. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ఆస్తులు అమ్ముకున్నారు. యంత్రం తప్పు చేయదన్న మూఢనమ్మకమే దీనికి మూలం. చివరకు 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా కొట్టివేయవలసి వచ్చింది. ఈ రోజు పెన్షనరును అనుమానించే యంత్రం రేపు కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తాను అనుమానిస్తుంది.

“దాచుకునేది లేనివానికి భయమెందుకు?”

ఇది పాలకవర్గాలకు ఇష్టమైన వాదన. దాచుకునేది లేదని చెప్పి ఆఫీసరు తన ఇంటి తలుపులు తీసి ఉంచుతాడా? మనిషి గోప్యత నేరాన్ని దాచే తెర కాదు, అది అతని గౌరవం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దానిని ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ఆ హక్కును పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి అన్నారు.

కార్మికునికి ఇది పుస్తక జ్ఞానం కాదు. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన సమ్మెలో యాజమాన్యం చేతిలోని జాబితాలు ఏమి చేశాయో మనం చూశాము. ఎవరిని అరెస్టు చేయాలో, ఎవరిని తొలగించాలో, ఏ క్వార్టరు నుండి ఎవరి సామాను బయట వేయాలో ఆ జాబితాలే చెప్పాయి. ఒక పనికి సేకరించిన సమాచారం మరొక పనికి ఉపయోగపడటం ఎంత తేలికో చెప్పటానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

చట్టం చేసే తీరు కూడా చూడండి. 2016లో ఆధార్ బిల్లును ద్రవ్య బిల్లుగా తెచ్చి, మార్చి 16న రాజ్యసభ సూచించిన సవరణలను అదే రోజు లోక్‌సభలో తోసిపుచ్చారు. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చే సందర్భంలో పౌరుని సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వెసులుబాటు ప్రభుత్వానికి ఇచ్చింది. భద్రత, శాంతి వంటి కారణాలు చూపి ఏ ప్రభుత్వ సంస్థకైనా చట్టం నుండి మినహాయింపు ఇవ్వవచ్చును. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేది కూడా కేంద్ర ప్రభుత్వమే. కాపలా కాయవలసినవాడే తాళం చెవులు కూడా తన జేబులో వేసుకుంటే ఇంటివానికి మిగిలేదేమిటి?

మేము చూపే మార్గం

మోసాన్ని అరికట్టాలంటే బతికినవారిని వేధించనక్కరలేదు. మరణాల నమోదు 1969 చట్టం ప్రకారమే తప్పనిసరి. 2023 సవరణతో జాతీయస్థాయి నమోదు భాండారం కూడా ఏర్పాటయింది. ఆ లెక్కలను ప్రభుత్వం సక్రమంగా నిర్వహించి, అనుమానం వచ్చిన చోట మనిషిని పంపి విచారించవచ్చును. రుజువు భారం ప్రభుత్వంపై ఉండాలి గాని ఎనభయ్యేళ్ల వృద్ధునిపై కాదు.

కావున మేము ఈ క్రింది రక్షణలను చట్టంలోనే పొందుపరచాలని డిమాండు చేస్తున్నాము:

1. పెన్షను, రేషను వంటి చెల్లింపులను నిలిపే ముందు, కారణం తెలుపుతూ, గ్రహీతకు తెలిసిన భాషలో నెల రోజుల నోటీసు ఇవ్వాలి.

2. విచారణ పూర్తయ్యే వరకు చెల్లింపు కొనసాగాలి.

3. యంత్రం చూపిన తేడా ఒక్కటే ఆధారంగా ఎవరికీ చెల్లింపు ఆపరాదు. బాధ్యుడైన అధికారి సంతకంతో కారణాలు రాసిన ఉత్తర్వు ఉండాలి.

4. నిర్ణీత కాలంలో అప్పీలు తీర్మానించాలి. తప్పుగా ఆపిన మొత్తాన్ని వడ్డీతో చెల్లించాలి.

5. ప్రతి బ్యాంకులో, పోస్టాఫీసులో కాగితంపై లైఫ్ సర్టిఫికెట్ స్వీకరించాలి. తిరస్కరిస్తే లిఖితంగా తెలపాలి.

6. పెన్షను కోసం తీసుకున్న సమాచారాన్ని మరే పనికీ, మరే సంస్థకూ ఇవ్వరాదు. దానిని ఎవరు, ఎప్పుడు చూశారో తెలుసుకునే హక్కు పెన్షనరుకు ఉండాలి.

7. యంత్రం తప్పుకు పోస్ట్‌మన్‌ను గాని, కౌంటరు గుమాస్తాను గాని బాధ్యుని చేయరాదు.

8. ఎంతమంది దొంగలను పట్టుకున్నారో చెప్పే ప్రభుత్వం, ఎంతమంది నిర్దోషులకు చెల్లింపు ఆపిందో కూడా ఏటా పార్లమెంటుకు నివేదించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. చార్జిషీటు లేనిదే ఇంక్రిమెంటు కూడా ఆపరాదన్న సూత్రాన్ని పోరాడి సాధించుకున్న వర్గం మనది. సర్వీసులో ఉన్నంతకాలం వర్తించే సహజ న్యాయం, రిటైరైన మరునాడే ఎందుకు వర్తించకూడదు?

ప్రతి బ్రాంచిలోనూ నవంబరు నెల పొడుగునా పెన్షనర్లకు సహాయ కేంద్రం నడపాలని, కాగితపు సర్టిఫికెట్ తిరస్కరించిన ప్రతి సందర్భాన్నీ తేదీతో సహా నమోదు చేయాలని, డిసెంబరు 17న ఈ ఎనిమిది డిమాండ్లను సభలలో చదివి తీర్మానించి పంపాలని పిలుపునిస్తున్నాము. ఈ రోజు సర్వీసులో ఉన్న ప్రతి ఉద్యోగీ రేపటి పెన్షనరే. పెద్దల తరఫున చేసే ఈ పోరాటం మన రేపటి కోసం కూడా.

రైల్వే, తపాలా కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!