పున్నమికి చిక్కే చేప

గాలానికి చేప తగిలితే పనైపోయినట్టే అనుకుంటాం. క్యుబెరా స్నాపర్ విషయంలో మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది!

ఫ్లోరిడా, కరీబియన్ దీవుల నుంచి బ్రెజిల్ దాకా ఉండే చేప ఇది. ఆ సముద్రాల్లోని స్నాపర్ జాతులన్నింటికీ పెద్దన్న. 2007లో అమెరికాలోని లూసియానా తీరానికి దూరంగా గాలానికి దొరికిన ఒకటి దాదాపు 57 కిలోలు తూగి ప్రపంచ రికార్డుకెక్కింది. అంటే ఒక మనిషంత బరువన్నమాట! నోరు మూసుకున్నా బయటికి కనిపించే కోరపళ్లు దీని గుర్తు. పీతల్నీ లాబ్‌స్టర్లనీ పెంకుతో సహా నమిలేస్తుంది.

లోతు నీళ్లలోని రాతి దిబ్బలూ, మునిగిపోయిన ఓడలూ దీని కాపురం. ఫ్లోరిడా కీస్ దీవుల్లో దీన్ని పట్టాలనుకునేవాళ్లు వేసవి పున్నమి రాత్రుల కోసం ఎదురుచూస్తారు. ఎర ఏమిటో తెలుసా? బతికున్న లాబ్‌స్టర్! మనం ధర అడిగి వెనక్కి తిరిగి వచ్చేదాన్ని వాళ్లు గాలానికి గుచ్చి నీళ్లలోకి వదులుతారు.

ఎర మింగిన చేప పైకి రాదు. నేరుగా కిందికి, తన బండ సందులోకి దూసుకుపోతుంది. తాడు రాతి అంచుకు రాసుకుందా... పుటుక్కున తెగుతుంది. అందుకే లావు తాడు వాడతారు, రీలు బిగిస్తారు. తగిలిన మరుక్షణమే పడవను దిబ్బకు దూరంగా నడిపి చేపను లాగేవాళ్లూ ఉన్నారు. మొదటి కొన్ని మీటర్లు పైకి లాగగలిగితే మనిషిది గెలుపు. లేదంటే చేపది.

ఇంత బలమున్న చేప పున్నమి నాళ్లలోనే ఎందుకు ఎక్కువగా దొరుకుతుంది? వేసవిలో గుడ్లు పెట్టడానికి గుంపులు కట్టేది ఆ రోజుల్లోనే కాబట్టి. మధ్య అమెరికా దేశం బెలీజ్‌లో గ్లాడెన్ స్పిట్ అనే చోటు ఉంది. పగడపు దిబ్బ మలుపు తిరిగి ఒక్కసారిగా లోతులోకి పడిపోయే ప్రదేశమది. పున్నమి దాటిన రోజుల్లో, పొద్దుగూకే వేళ క్యుబెరాలు అక్కడ వేలల్లో చేరి నీటిలోకి గుడ్లు వదులుతాయి. ఆ గుడ్లు తినడానికి వేల్ షార్కులు కూడా వస్తాయి. చోటూ తప్పదు, వేళా తప్పదు.

చిక్కంతా అక్కడే ఉంది. బండ సందులో ఉన్న చేపను పట్టాలంటే ఒక్కొక్కదానితో కుస్తీ పట్టాలి. కానీ గుంపు కట్టిన చేపను పట్టడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, పంచాంగం తెలిస్తే చాలు. కరీబియన్‌లో నాసా గ్రూపర్ అనే మరో చేపకు జరిగింది ఇదే. గుడ్లు పెట్టే చోట్ల ఏళ్ల తరబడి వలలూ గాలాలూ వేయడంతో చాలా చోట్ల ఆ గుంపులే కనుమరుగయ్యాయి. అందుకే బెలీజ్ 2002లో చేపలు గుడ్లు పెట్టే 11 చోట్లకు చట్టపరంగా రక్షణ కల్పించింది. గ్లాడెన్ స్పిట్ వాటిలో ఒకటి.

పట్టి వదిలేస్తే సరిపోదా అంటే, అదీ అంత తేలిక కాదు. లోతు నుంచి వేగంగా పైకి లాగితే చేప కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. వదిలినా కిందికి దిగలేక నీటిమీద తేలుతూ ఉండిపోతుంది. బరువు కట్టిన పరికరంతో మళ్లీ లోతుకు దించితే బతికే అవకాశం ఉంటుంది. పోనీ వండుకుందామా అంటే, పగడపు దిబ్బల్లో పెరిగిన పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం చేరే ప్రమాదముంది. ఎంత ఉడికించినా అది పోదు.

మన తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ బజారులో చేప ధర చూసి మనం విసుక్కుంటాం. పడవ ఒడ్డుకు చేర్చి కూర్చున్న మత్స్యకారుడి ఇంట్లో ఇబ్బంది అంతకంటే పెద్దది. అయినా సముద్రం నుంచి రేపు కూడా చేప రావాలంటే, గుడ్లు పెట్టే వేళ దాని జోలికి వెళ్లకుండా ఉండటం తప్పదు. ఈసారి మే నెలలో చేపల బుట్ట వెలవెలబోతే, బేరమాడే ముందు ఈ మాట ఒక్కసారి గుర్తు చేసుకోండి!