రావు ఎవరు, రెడ్డి ఎవరు?

'మాది కొత్తపల్లె' అంటే నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎవరైనా 'ఏ కొత్తపల్లె?' అని అడుగుతారు. నంద్యాల జిల్లాలో ఆ పేరుతో ఒక మండలమే ఉంది, రాష్ట్రంలో అదే పేరున్న ఊళ్లు ఎన్నో. పక్క ఊరి పేరు చేరిస్తేగాని ఆనవాలు దొరకదు. మనుషుల పేర్లలోనూ తెలుగువాడు అదే చూస్తాడు: ఏ ముక్క ఈ మనిషిని పదిమందిలో విడదీసి చూపుతుందో దాన్నే పట్టుకుంటాడు. ఇంగ్లీషు వాక్యానికి ఆ వెదుకులాట లేదు. మొదటిసారి నిండు పేరు రాసి, ఆపైన చివరి మాట ఒక్కటే ఉంచుకుంటుంది, అదే ఇంటిపేరన్న నమ్మకంతో. మన ఇంటిపేరు ముందుంటుంది. చివరనున్న రావు, రెడ్డి వేలమందికి ఉమ్మడి.

నంద్యాల లోక్‌సభ స్థానం చరిత్ర చూస్తే చాలు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, మిగిలిన ఒక్కటీ ఇదే; ఇక్కడ జనతా పక్షాన గెలిచినవారు నీలం సంజీవరెడ్డి, ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. 1991లో గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన సీటులో అయిదున్నర లక్షలు దాటిన మెజారిటీతో గెలిచినవారు ప్రధాని పాములపర్తి వెంకట నరసింహారావు. ఇంగ్లీషు పద్ధతిలో రాస్తే 'రావు కోసం రెడ్డి రాజీనామా చేశారు' అవుతుంది. ఆళ్లగడ్డలో ఈ వాక్యం చదివి వినిపిస్తే ఏ రెడ్డి అని అడుగుతారు. అక్కడ రాజకీయాలు మాట్లాడుకునేవాళ్లు భూమా, గంగుల అని ఇంటిపేర్లతోనే తేడా చెప్పుకుంటారు, ఎందుకంటే రెడ్డి ఇటూ ఉంది, అటూ ఉంది. పాములపర్తివారిని మాత్రం తెలుగునాడంతా పీవీ అంది. రెండక్షరాలు, పొరపాటుకు తావు లేదు.

తప్పంతా ఇంగ్లీషుదే అనను. నరసింహారావు మనకు ఒకే మాట; ఇంగ్లీషులోకి పోతూ మధ్యలో ఖాళీ పెట్టి విరగ్గొట్టింది మనమే. ఆ ఖాళీ ఎంత పని చేస్తుందో శాస్త్రంలో కనిపిస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు తన పేరును ఇంగ్లీషులో కలిపి రాసుకున్నారు, కనుక 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి పేరులో సుబ్బారావు అన్న మాటే నిలిచింది. కల్యంపూడి రాధాకృష్ణరావు 1945 నాటి వ్యాసంతో పుట్టిన క్రామర్-రావు అసమానత పేరులో ఇటు కల్యంపూడీ లేదు, అటు రాధాకృష్ణా లేదు. ప్రపంచమంతా చదివే ఆ మాటలో ఆయనకంటూ ప్రత్యేకమైనది ఏదీ మిగల్లేదని తలచుకుంటే బాధ కలుగుతుంది.

గురజాడ, విశ్వనాథ అని మనమూ ఇంటిపేరుతో పిలుస్తున్నాం కదా అనవచ్చు. పిలుస్తున్నాం, అప్పారావులూ సత్యనారాయణలూ వీధికి నలుగురున్నారు కనుక. అక్కడ గుర్తు పట్టించేది ఇంటిపేరే. పరభాషవాళ్లు ఇన్ని ఆచారాలు ఎక్కడ నేర్చుకుంటారన్నది ఇంకొంచెం బలమైన మాట. కానీ మావోను, షీని ముందున్న ఇంటిపేరుతోనే రాస్తున్నారు. ఐస్‌లాండ్‌వాళ్లను సొంత పేరుతోనే ప్రస్తావిస్తున్నారు. ఆ జాతులు తమ వరుసను వదులుకోలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి ఉంటుంది, నిజమే. ఆ గడిలో అసలు ఇంటిపేరే రాయవచ్చు. వార్తా వాక్యానికి ఆ గడితో పని లేదు. నంద్యాల నుంచి ఇంగ్లీషులో వార్త పంపే విలేకరి రెండోసారి కూడా 'ప్రతాపరెడ్డి' అని కలిపి రాస్తే ఇంగ్లీషు వ్యాకరణం ఏమీ చెడదు, ఆళ్లగడ్డలో ఎవరూ 'ఏ రెడ్డి?' అని అడగాల్సిన పని ఉండదు.