ఎండపై నెపము, పెరటిపై సిమెంటు

ఈ సంచిక పాఠకుల చేతికి చేరునప్పటికి భరణి కార్తె నడుచుచుండును. బళ్లారిలో గాని, షోలాపురములో గాని, బరంపురములో గాని, యానాములో గాని, నలుగురు తెలుగువారు కలిసినచోట ఈ దినములలో వినవచ్చు మాట యొక్కటే: "ఎండలు మునుపటిలా లేవండీ. ఇక పెరట్లో ఏదీ బతకదు." ఈ మాట అనిన కొలది దినములకే తాపీమేస్త్రీ వచ్చును. బావిగట్టు మొదలు ప్రహరీగోడ వరకు సిమెంటు పరచును. తాతగారు నాటిన కరివేపచెట్టు చుట్టు జానెడు గుంత మాత్రము దయతో విడిచిపెట్టుదురు. రెండేండ్లకు అదియు ఎండిపోవును. అప్పుడు మరల ఎండనే తిట్టుదురు. ఈ నెపమును మేము అంగీకరింపజాలము.

ఎండలు పెరుగలేదని మేము వాదించుట లేదు. 2022 మార్చి నెలలో దేశపు సగటు పగటి ఉష్ణోగ్రత 122 ఏండ్ల లెక్కలలో ఆ నెలకు అత్యధికమని భారత వాతావరణ శాఖ తెలిపినది. 1901 తరువాత 2024 అంతటి వేడిగల సంవత్సరము మరి లేదని ఆ శాఖయే 2025 జనవరిలో ప్రకటించినది. కాని వేడి పెరిగినది గనుక నేలను సిమెంటుతో కప్పుదమనుట, జ్వరము తగిలినవానిని పొయ్యి ప్రక్కన కూర్చుండబెట్టుట వంటిది. సిమెంటు పగలు పీల్చిన వేడిని రాత్రి కక్కును. కురిసిన వానను భూమిలోనికి దిగనీయదు. చెట్టునీడయు తడిమన్నును గల పెరడు ఇంటికి చల్లదనము నిచ్చును. ఎండలు పెరిగిననాడు పెరడు మరింత అవసరమగునే గాని అనవసరము కాదు.

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా తప్పును మేమే ఒప్పుకొందుము. మూడేండ్ల క్రిందట మా కార్యాలయము వెనుకనున్న చిన్న జాగాలో ఏప్రిల్ నెలలో టమాటా నారు నాటితిమి. విత్తనపు పొట్లముమీద "పూర్తి ఎండలో పెంచవలెను" అని అచ్చువేసియుండెను. ఏ సీమయొక్క, ఏ నెలయొక్క ఎండయో మేము విచారింపలేదు. మొక్కలు పెరిగినవి, పూచినవి, పూత యంతయు రాలినది. నీరు చాలలేదని మూడు పూటల పోసితిమి, వేళ్లు కుళ్లినవి. బలము చాలలేదని యూరియా చల్లితిమి, ఆకులు మాడినవి. తుదకు సంఘములోని యొక వృద్ధురాలు వచ్చి చూచి నవ్వి, "రోహిణి కార్తెలో టమాటాలు కాయమంటే సూర్యుడేం చేస్తాడర్రా? గోరుచిక్కుడు పెట్టుకోలేకపోయారూ?" అనినది. అంతకంటె మంచి సంపాదకీయమును మేము నేటివరకు వ్రాయలేదు.

ఆమె మాటలో శాస్త్రము కలదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రియందైనను చల్లబడనిచో టమాటా పుప్పొడి నిస్సారమగును. పూవు పిందె కట్టక రాలును. కట్టిన కాయ సయితము మిక్కిలి వేడికి ఎర్రబారక పసుపుడాలుతో నిలిచిపోవును. దీనికి ఎరువు మందు కాదు, నీరు మందు కాదు. కొత్తిమీరయు పాలకూరయు వేడి తగులగనే ఆకు మాని పూతకు తిరుగును. ఇక చిక్కుడు సంగతి వేరు. పగళ్లు పొట్టివైనగాని పాదుచిక్కుడు పూయదు. వేసవిలో తీగ పెరిగి కాయకుండుట దాని స్వభావము. దానికి సూర్యుని నిందించుట అన్యాయము.

వేసవిని సహించు పైరులు మనకు కొరవయా? బెండ, బీర, సొర, కాకర, దోస, గోరుచిక్కుడు, అలసంద, తోటకూర, బచ్చలి, గోంగూర. ఇవియన్నియు మన తల్లులు పెంచినవే, మన వంటయిండ్లు ఎరిగినవే. అయితే వీనికిని వేళ కలదు. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము పెట్టి సూర్యునికి నివేదించు ఆచారము మన యిండ్లలో నేటికిని ఉన్నది. ఆ పండుగ చిక్కుడు పంటకు ముగింపు, వేసవి పాదులకు ఆరంభము. మాఘ ఫాల్గుణములలో గింజ నాటినచో, ఎండ ముదురునప్పటికి వేరు లోతునకు దిగియుండును. మనము చేయుచున్నదేమి? పిల్లల పరీక్షలు ముగిసి సెలవులిచ్చిన పిమ్మట ఏప్రిల్ చివర పొట్లములు కొనుచున్నాము. లేత మొలక నెత్తిపై మండుటెండ పడినంతనే "ఎండలు మునుపటిలా లేవండీ" అనుచున్నాము. మాఘములో సూర్యునికి మ్రొక్కి వైశాఖములో అతనినే తిట్టుట మనకు తగునా?

ఒకే సలహా అందరికిని పనికిరాదు. హోసూరు, కోలారు ప్రాంతములు ఎత్తైన నేలలు. అచట రాత్రులు కొంత చల్లబడును గనుక అచటివారికి టమాటా ఇతరులకంటె కొంతకాలము అదనముగా కాయవచ్చును. బళ్లారి, షోలాపురము వారివి చాలచోట్ల నల్లరేగడులు. ఆ నేల ఎండకు నెఱ్ఱెలు విచ్చును, తడి ఆ నెఱ్ఱెలగుండ ఎగిరిపోవును. కావున పైమట్టిని గుల్లచేసి నెఱ్ఱెలను పూడ్చుట అచట నీరు పోయుటతో సమానము. యానాము, బరంపురము వారికి ఎండతోపాటు సముద్రపు ఉక్క. రాత్రి వేడి దిగదు. వారు టమాటాపై ఆశ వదలి బచ్చలిని, సొరను నమ్ముకొనుట మేలు. తమిళదేశమున అగ్నినక్షత్రమని పిలుచు దినములు మన భరణి చివరనుండి రోహిణి ఆరంభమువరకు వచ్చును. పేరు వేరైనను నిప్పు ఒక్కటే. ఆ దినములలో క్రొత్తగా నారు నాటరాదు.

ఇక నీటి మాట. 2024 మార్చిలో బెంగుళూరు నగర నీటి సరఫరా మండలి త్రాగునీటిని తోటలకు వాడరాదని ఉత్తరువు చేసి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా ఉండునని ప్రకటించినది. అప్పుడు మనవారిలో కొందరు పెరటిపెంపకమునకు కాలము చెల్లినదనిరి. మేమట్లు తలపము. పొరుగువాని బిందె ఖాళీగా ఉండగా మన పాదులో త్రాగునీరు పోయుట పాపమే. కాని బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు తూములోనికి పోవుచుండగా మొక్క యెండినదనుట సోమరితనము. స్నానపు నీటి తూము దగ్గర అరటిపిలక నాటిన మన పెద్దలకు ఈ సంగతి ఏ మండలియు నేర్పలేదు.

నీరు పోయు తీరును మనము మరచితిమి. దినమునకు మూడుసార్లు పైపైన తడిపినచో వేరు పైననే తిరుగాడి ఎండకు మాడును. రెండు మూడు దినముల కొకసారి, తెల్లవారుజామున, పాదునిండ, జానెడు లోతు నానునట్లు పోసినచో వేరు క్రిందికి దిగును. ఇసుకనేలయందు, కుండీలయందు ఇంకను తరచుగా పోయవలసివచ్చును. మధ్యాహ్నము సొర, గుమ్మడి ఆకులు వ్రేలాడినంతనే చెంబు పట్టుకొని పరుగిడరాదు. సాయంకాలమునకు అవి తమంతట తేరుకొనును. తేరుకొననిచో మట్టిలో వ్రేలు గ్రుచ్చి చూడుడు. రెండంగుళముల లోతున పొడిగా ఉన్ననే నీరు పోయుడు. ఒకనాడు ముంచి నాలుగు నాళ్లు మరచుట వలననే టమాటా కాయ అడుగు నల్లబడును. అది పురుగని మందు కొట్టువారి ధనము వ్యర్థము.

పాదులో రెండు మూడంగుళముల మందమున వరిగడ్డి గాని, రాలిన ఆకు గాని పరచినచో తడి నిలుచును, నేల చల్లగా ఉండును. మనవారు ఆ ఆకునే ఊడ్చి తగులబెట్టుచున్నారు! పడమటి ఎండకు అడ్డముగా తాటాకు తడికయో పాతచీరయో కట్టినను చాలును. బీరపందిరి వేసి, దాని నీడలో తోటకూర చల్లినచో ఒకే నీటితో రెండు కూరలు. షోలాపురము, భివండీలలో మగ్గముల యొద్ద పనిచేసి అద్దెగదులలో బ్రతుకు మనవారికి పెరడెక్కడిదని అడుగవచ్చును. నిజమే. వారికి మేడపై నాలుగు కుండీలే పెరడు. నల్లని కుండీ ఎండకు కాగి వేళ్లను ఉడికించును. దానికి సున్నము కొట్టుడు, లేదా తడిపిన గోనె చుట్టుడు. కుండీలను ఒకదాని నొకటి ఆనునట్లు పేర్చి, క్రింద ఇటుకలు పెట్టి కాగిన నేలకు ఎడము చేయుడు. పన్నెండు మొదలు మూడుగంటల వరకు ఎవరును ఎండలో పని చేయరాదు. మొక్కను కాపాడబోయి మనిషి పడిపోరాదు.

"బజారులో సొరకాయ చౌకగా దొరకుచుండగా ఈ శ్రమ యెందుకు?" అని మమ్ము ప్రశ్నించువారు కలరు. సొరకాయ దొరకును. సొరవిత్తు దొరకదు. పొట్లములలోని సంకర విత్తనములనుండి గింజ తీసి మరల నాటినచో తల్లివంటి పిల్ల పుట్టుట నిశ్చయము కాదు; ఏటేట కొనవలసినదే. మన అమ్మమ్మలు తీగమీదనే ముదిరి యెండిన బీరకాయను దూలమునకు వ్రేలాడగట్టి, బెండగింజలను బూడిదలో కలిపి కుండలో దాచిరి. ఆ గింజ మన నేలను, మన ఎండను ఎన్నో ఏండ్లు చూచినది. రోహిణికి నిలిచిన తీగ గింజనే వారు ఏరి దాచిరి. ఒక్క వేసవి నాటక విడిచినచో, ఒక్క కుండ పగిలినచో, ఆ వరుస తెగిపోవును. తెగినదానిని ఏ దుకాణమును తిరిగి అమ్మజాలదు.

గింజతోపాటు మాటయు పోవును. మన పిల్లలు బడిలో కన్నడమును, తమిళమును, ఒడియాను, మరాఠీని నేర్చుచున్నారు. నేర్వవలసినదే; అవి మనకు అన్నము పెట్టిన నేలల భాషలు. గోంగూరను షోలాపురములో అంబాడి యనిన మనకు లోపము లేదు. కాని పాదు, మడి, చాలు, పందిరి, పిందె, భరణి, కృత్తిక, మృగశిర అను మాటలను పిల్లవాడు ఎచ్చట నేర్చును? చేతికి మన్ను అంటనిదే ఇవి నోటికి రావు. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. అందులకై ఈ పత్రిక విజ్ఞప్తులు వ్రాసినది, ఇక ముందును వ్రాయును. కాని మన పెరటిలో మన పిల్లవానిచేత ఒక బీరగింజ నాటించి తెలుగులో నాలుగు మాటలు చెప్పుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువు కావలయును? ఆ బడికి మనమే సిమెంటు పోసి, తెలుగు పోయినదని సభలలో వగచుట ఏమి న్యాయము?

కావున మా మనవి యిది. ఈ కార్తెలలో క్రొత్తవి నాటక, ఉన్నవానికి నీడయు గడ్డియు కల్పించి కాపాడుడు. మృగశిర తొలకరికి మడులు సిద్ధము చేయుడు. టమాటాకు చలికాలమువరకు ఆగుడు. నిలిచిన తీగపై మొదటి మంచికాయను కూరకు కోయక గింజకు విడువుడు. అందులో గుప్పెడు గింజలు కాగితములో కట్టి, మీ ఇంట దానికి గల తెలుగుపేరు వ్రాసి, సంఘ కార్యాలయమునకు పంపుడు. రథసప్తమికి వానిని అడిగినవారికెల్ల పంచుదుము. తాపీమేస్త్రీని పిలిచియున్నచో, బావిగట్టు దగ్గరనే పని ఆపుమనుడు.